వంటింట్లో జపనీస్ ఓనమాలు

“మా అబ్బాయి జపాన్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. నాలుగేళ్ళ మనవడు ఫోన్‌లో గలగలా మాట్లాడతాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. జపనీస్ నేర్చుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. యాభై రెండేళ్ళదాన్ని, నాకు వస్తుందంటారా?” అని ఒక సోదరి ఉత్తరం రాశారు.

తప్పకుండా వస్తుందమ్మా! నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. ఇంగ్లీషువాళ్ళ కన్నా మన తెలుగువాళ్ళకి ఈ భాష కాస్త సులువు కూడాను. ఎలాగంటారా?

“వతషి వ గొహన్ ఒ తబెమసు” అంటే “నేను అన్నం తింటాను”. మనలాగే క్రియ చివర వస్తుంది. “అన్నాన్ని” అన్నప్పుడు మన ‘ని’ చేసే పనే అక్కడ ‘ఒ’ చేస్తుంది. “తింటారా?” అనడానికి మనం చివర ‘ఆ’ చేరుస్తాం, వాళ్ళు ‘క’ చేరుస్తారు: “తబెమసు క?” అంతే! ఇది, అది, ఏది అన్నట్టే కొరె, అరె, దొరె. పైగా నేను తిన్నా, నువ్వు తిన్నా, ఆవిడ తిన్నా క్రియ మారదు. ‘గొహన్’ అంటే అన్నమే, భోజనమనీ అర్థమే. మనం “అన్నం తిన్నారా?” అని అడిగినట్టన్నమాట.

మర్యాదలూ మనకి తెలిసినవే. ఇంట్లోవాళ్ళతో ‘తబెరు’, బయటివాళ్ళతో ‘తబెమసు’. ఇంటికొచ్చిన అతిథిని “మెషిఅగత్తె కుదసాయి” అంటారు. అంటే మన “ఆరగించండి”!

ఇక దీర్ఘాల సంగతి. ‘ఒబసన్’ అంటే అత్త లేదా పిన్ని. ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ. దీర్ఘం తప్పితే వరసే మారిపోతుంది! ఇంగ్లీషువాళ్ళు ఇక్కడే తడబడతారు. గుణింతాలు దిద్దిన మనకి ఆ బాధ లేదు. వాళ్ళ అక్షరాల వరస కూడా అ, ఇ, ఉ, ఎ, ఒ అనే మొదలవుతుంది. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. సంస్కృత అక్షరాలు నేర్చిన బౌద్ధ భిక్షువుల ద్వారా మన దేశపు వర్ణక్రమం అక్కడికి చేరిన గుర్తు అది.

ఆ గుండ్రటి అక్షరాలని హిరగన అంటారు. ఒకప్పుడు వీటికి ‘ఒన్నదె’ అనే పేరుండేది, అంటే ఆడవాళ్ళ రాత. చైనా లిపి చదువు మగవాళ్ళదనీ, ఇది ఆడవాళ్ళదనీ అనుకునే రోజులవి. దాదాపు వెయ్యేళ్ళ క్రితం మురసకి షికిబు అనే ఆవిడ ‘గెంజి మొనొగతరి’ అనే పెద్ద కథని ఈ రాతలోనే రాసింది. ఈనాటికీ జపాన్‌వాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. తండ్రి తన సోదరుడికి చైనా చదువు చెబుతుంటే పక్కన కూర్చుని విని నేర్చేసుకుందట ఆవిడ. ఈ పిల్ల మగపిల్లాడైతే ఎంత బాగుండేదని తండ్రి వాపోయేవాడని తన డైరీలోనే రాసుకుంది. చూశారా, పక్కన కూర్చుని నేర్చుకోవడం మనకి కొత్త కాదు!

రోజుకి అరగంట చాలు. ఒక్కసారిగా దొరకదు గనక మూడు ముక్కలు చేసుకోండి.

పొద్దున కాఫీ వేళ పది నిమిషాలు: పలక మీద రోజుకి అయిదు అక్షరాలు దిద్దండి. హిరగన అక్షరాలు 46, పది రోజుల్లో అయిపోతాయి. ఆ తర్వాత బయటి భాషల మాటలు రాసే కతకన, అవీ 46.

మధ్యాహ్నం పది నిమిషాలు: పాత శుభలేఖలు చీటీలుగా కత్తిరించి ఒకవైపు జపనీస్ మాట, రెండోవైపు తెలుగు మాట రాయండి. మూడు డబ్బాలు పెట్టుకోండి. కొత్త చీటీలు మొదటి డబ్బాలో వేసి రోజూ చూడాలి. వచ్చినవి రెండో డబ్బాలోకి, మూడు రోజులకోసారి. అక్కడా వచ్చినవి మూడో డబ్బాలోకి, వారానికోసారి. తప్పితే మళ్ళీ మొదటి డబ్బాకే. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో తన పుస్తకంలో ఇలాంటి పద్ధతే చెప్పాడు. సరిగ్గా మరిచిపోబోయే వేళకి గుర్తు చేసుకోవడమే ఇందులో కిటుకు.

సాయంత్రం కూరలు తరుగుతూ పది నిమిషాలు: వినండి, విన్నది పైకి అనండి. జపాన్ ఫౌండేషన్ వారు ‘ఇరొదొరి’ అనే పాఠాల్ని ఆడియోతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచారు. వంటింటి డబ్బాల మీదా చీటీలు అంటించండి: బియ్యం కొమె, ఉప్పు షియొ, పంచదార సతో.

కష్టం లేదని చెప్పను. కంజి అనే చైనా అక్షరాలు నిత్యవాడకానికే 2136 ఉన్నాయి. అక్కడి పిల్లలే ఆరేళ్ళ ప్రాథమిక చదువులో 1026 నేర్చుకుంటారు. వాటిని చూసి బెదిరి మానెయ్యకండి. నాలుగేళ్ళ మనవడికీ కంజి రాదు కదా! వాడూ మీరూ ఒకే తరగతి. మాటలు ముందు, కంజి తర్వాత రోజుకొకటి.

ఇంకొక్క మాట. చుట్టాలొస్తారు, జ్వరాలొస్తాయి, పండగలొస్తాయి. ఆ రోజుల్లో అరగంట కుదరకపోతే అయిదు చీటీలు తిరగెయ్యండి, చాలు. కానీ పూర్తిగా మానకండి. ఇంట్లో అందరి చదువులకీ టైము చూసే మనం మన చదువుకి మాత్రం “తర్వాత చూద్దాం” అంటాం. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఆ అరగంట మీదని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పెయ్యండి. నాలుగు రోజులు నవ్వి, అయిదో రోజు వాళ్ళే చీటీలు పట్టుకుని మిమ్మల్ని ప్రశ్నలడుగుతారు. ఇవాళే పలక కొనండి మరి!