మిణుకు దీపాల కింద పని చేయలేం



మిల్లుల్లో పాత ట్యూబులైట్లు పోయి ఎల్‌ఇడి దీపాలు వచ్చాయి. వాటి వెనుకే, మనిషి కదిలితే వెలిగి, కదలిక లేకపోతే ఆరిపోయే సెన్సార్ స్విచ్‌లూ వచ్చాయి. కరెంటు ఆదా అయితే మంచిదే. 36 వాట్ల ట్యూబు పని 18, 20 వాట్ల ఎల్‌ఇడి చేస్తుంటే వద్దనేవారెవరు? కానీ మెట్ల దగ్గర, మరుగుదొడ్లలో, గోడౌన్లలో, చివరకు మిషన్ల మధ్య దారుల్లో కూడా దీపం మిణుకు మిణుకుమంటుంటే "కొత్త లైట్లు అంతే, అలవాటు చేసుకోండి" అనడం మాత్రం ఒప్పుకోదగిన మాట కాదు. మిణుకుమనడం ఎల్‌ఇడి స్వభావం కాదు. బిగింపులో లోపమైనా ఉండాలి, సరుకు నాసిరకమైనా అయి ఉండాలి. రెండూ సరిచేయదగినవే.

కారణం తెలిస్తే అడగడం సులువు. సెన్సార్‌కు కూడా పనిచేయడానికి కరెంటు కావాలి. పాత స్విచ్ బోర్డుల్లో చాలాచోట్ల ఫేజు వైరే ఉంటుంది, న్యూట్రల్ ఉండదు. అందుకని రెండు వైర్ల సెన్సార్ తెచ్చి పాత స్విచ్ స్థానంలో బిగిస్తారు. అది తనకు కావలసిన పిసరంత కరెంటును దీపం గుండానే లాక్కుంటుంది. పాత ఫిలమెంటు బల్బుకు ఆ పిసరు ఒక లెక్క కాదు. ఎల్‌ఇడి లోపలి కెపాసిటర్ మాత్రం ఆ కొద్దిపాటి కరెంటుతోనే మెల్లగా నిండుతుంది. నిండగానే దీపం ఒక్కసారి మెరిసి ఆరుతుంది, మళ్ళీ నిండుతుంది. ఆర్పేసిన దీపం రాత్రంతా కన్నుగీటడానికి కారణం ఇదే. దయ్యమూ లేదు, భూతమూ లేదు.

దీనికి సరైన మందు న్యూట్రల్ వైరు లాగి, మూడు వైర్ల రిలే సెన్సార్ బిగించడం. అంత పని వెంటనే కుదరకపోతే దీపానికి అడ్డంగా, అందుకోసమే తయారైన బైపాస్ కెపాసిటర్ కట్టినా మిణుకు ఆగుతుంది. స్విచ్‌ను ఫేజు మీద కాక న్యూట్రల్ మీద పెట్టినా ఇదే జబ్బు వస్తుంది. అప్పుడు దీపం ఆరినా హోల్డరులో కరెంటు ఉంటుంది. అది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. ఇక వెలుగుతూ ఉండగానే మిణుకుమంటే దీపం డ్రైవర్ చెడి ఉండాలి, లేదా ఎక్కడో కనెక్షన్ వదులై ఉండాలి. వదులు కనెక్షన్ వేడెక్కి నిప్పురవ్వలు రాలుస్తుంది. దూది నలుసులు ఎగిరేచోట నిప్పురవ్వ ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇవన్నీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి చేయాల్సిన పనులు. మేస్త్రీ చెప్పాడని మనవాళ్ళెవరూ నిచ్చెన ఎక్కవద్దు.

కంటికి కనబడని మిణుకు ఇంకా ప్రమాదం. మన కరెంటు 50 సైకిళ్ళది. నాసిరకం డ్రైవర్ ఉన్న దీపం సెకనుకు 100 సార్లు మసకబారి మళ్ళీ వెలుగుతుంది. రింగ్ ఫ్రేం కదురు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 300. ఒక వెలుగుకూ మరో వెలుగుకూ మధ్య కదురు సరిగ్గా మూడు చుట్లు తిరిగి మొదటి చోటికే వస్తుంది. తిరుగుతున్న కదురు ఆగిపోయినట్టు కనబడుతుంది. వేగం కాస్త తగ్గితే మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు కనబడుతుంది. తెగిన దారం అతికే చెయ్యి కంటిని నమ్ముకునే కదా ముందుకు వెళ్ళేది! చోకు ట్యూబులైట్ల కాలంలోనూ ఈ బాధ ఉండేది. అందుకే తెలిసిన ఎలక్ట్రీషియన్లు పక్కపక్క లైట్లను మూడు ఫేజులకు పంచి కలిపేవారు. ఆ పాత తెలివి ఇప్పుడు కొత్త దీపాలతోపాటు మూలకు పోకూడదు. పరీక్ష కూడా కష్టం కాదు. మిషన్లకు దూరంగా నిలబడి దీపం కింద ఒక పెన్సిల్‌ను వేగంగా అటూ ఇటూ ఊపి చూడండి. మంచి దీపమైతే ఒకే మసక చాలులా కనబడుతుంది. మిణుకు దీపమైతే పెన్సిళ్ళు విడివిడిగా కనబడతాయి.

సెన్సార్ సంగతి వేరే ఉంది. సాధారణంగా వాడే రకం మనిషి ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాను బట్టి కదలికను పసిగడుతుంది. ఎండాకాలం స్పిన్నింగ్ ఖాతాలో గాలి వేడి ఒంటి వేడికి దగ్గరగా వస్తే దానికి మనిషే ఆనడు. పైగా దాని కంటి మీద దూది పేరుకుంటుంది. కదలకుండా నిలబడి దారం చూసేవాళ్ళు దాని లెక్కలో లేనట్టే. కాబట్టి మిషన్ల మీద, నడిచే దారుల మీద సెన్సార్ దీపాలు వద్దేవద్దు. గోడౌనులో పెట్టుకోండి, కాదనం. మరుగుదొడ్లలో పెడితే టైము కనీసం 5 నిమిషాలకు తిప్పి, ఒక దీపాన్ని ఎప్పుడూ వెలుగుతూ ఉంచాలి. నైట్ షిఫ్టులో లోపల ఉన్న అక్కచెల్లెళ్ళు చీకట్లో చేతులు ఊపి దీపం వెలిగించుకోవలసి రావడం సిగ్గుచేటు.

ఇది దయతలచి ఇచ్చేది కాదు. పనిచేసే, నడిచే ప్రతిచోటా చాలినంత, తగిన వెలుతురు ఉండాలనీ, కంటికి శ్రమా ప్రమాదమూ తెచ్చే మిరుమిట్లు, నీడలు లేకుండా చూడాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్ చెప్పింది. 19వ సెక్షన్ మరుగుదొడ్లలో వెలుతురు గురించి చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వచ్చిన 2020 నాటి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా తగిన వెలుతురు యజమాని బాధ్యతే అంటోంది.

ధర్మపురి సభ్యులు చేయవలసింది ఒకటుంది. ఏ ఖాతా, ఏ ఫ్రేం పక్కన, ఏ తేదీ, ఏ షిఫ్టు, దీపం ఆర్పినప్పుడా వెలిగినప్పుడా మిణుకుమన్నది రాసిపెట్టండి. అర్జీ తమిళంలోనే రాయించండి. ఇంట్లో మనం తెలుగే మాట్లాడుకున్నా ఆఫీసులో చదివేది ఆ భాష. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద తేదీతో సంతకం తీసుకుని యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. సేఫ్టీ కమిటీ ఉన్న మిల్లులో మన ప్రతినిధి దాన్ని కమిటీ ముందు పెడతారు. అక్కడ కదలకపోతే రెండో ప్రతి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళుతుంది.