ఓటు మనది, బీ-ఫారం ఎవరిది?

1971 మార్చిలో లోక్‌సభకు మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 1969లో తుపాకీ గుండ్లకు నేలకొరిగిన పిల్లల నెత్తుటి తడి ఇంకా ఆరలేదు. దేశమంతటా ఇందిరమ్మ గాలి వీస్తున్న ఆ రోజుల్లో తెలంగాణ జనం గాలికి ఎదురు నడిచారు. ఇక్కడి 14 స్థానాల్లో 10 స్థానాలు రెండేండ్ల వయసున్న తెలంగాణ ప్రజా సమితి చేతిలో పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ పార్టీ పోయి కాంగ్రెస్‌లో కలిసింది. బ్రహ్మానందరెడ్డి గద్దె దిగారు, పి.వి. నరసింహారావు ఎక్కారు. సమితిని నడిపించిన చెన్నారెడ్డి 1978లో ముఖ్యమంత్రి అయ్యారు. మరి ఓటేసినోళ్లకు ఏం మిగిలింది? ఇంకో 43 ఏండ్ల ఎదురుచూపు.

ఓడెక్కేదాక ఓడ మల్లన్న, ఓడ దిగినాక బోడి మల్లన్న అన్న సామెత మన తాతలు ఊరికే పుట్టించలేదు.

ఈ కథ తెలిసిన విద్యార్థులు తరచూ ఒక మాట అంటుంటారు. 'పార్టీలన్నీ ఒక్క తీరే సార్, అసలు పార్టీలే లేని ప్రజాస్వామ్యం రావాలె' అని. ఆ కోపంలో న్యాయం ఉంది. 2009 డిసెంబరు 9న వచ్చిన ప్రకటన రెండు వారాలకే వెనక్కిపోయినప్పుడు పోరాటాన్ని నిలబెట్టింది ఏ ఒక్క పార్టీ ఆఫీసూ కాదు. జేఏసీ టెంట్లు నిలబెట్టాయి. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె చేసింది ఉద్యోగి, ఉపాధ్యాయుడు, బొగ్గుబాయి కార్మికుడు, ఆర్టీసీ డ్రైవరు, కండక్టరు. జీతం లేని దసరా వారికి ఎట్లా గడిచిందో వారి ఇంటోళ్లకు తెలుసు. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో బిల్లు గట్టెక్కింది పార్టీల ఓట్లతోనే. రోడ్డు మీద మనం గెలిచిన దాన్ని చట్టంగా మార్చడానికి మళ్లీ కాంగ్రెస్సూ బీజేపీయే కావలసివచ్చాయి.

పార్టీలు లేని ప్రయోగాన్ని మన పక్క దేశమే చేసి చూసింది. నేపాల్‌లో 1960 డిసెంబరులో రాజు మహేంద్ర ఎన్నికైన ప్రభుత్వాన్ని పడగొట్టి పార్టీలను నిషేధించాడు. దానికి పంచాయతీ వ్యవస్థ అని ముద్దుపేరు పెట్టాడు. 1990 దాకా ముప్ఫై ఏండ్లు అది నడిచింది. ఎన్నికలూ జరిగాయి, సభ్యులూ గెలిచారు, అధికారం మాత్రం దర్బారు గడప దాటలేదు. గెలిచినోడు ఒంటరిగాడైతే రాజుకు అంతకన్నా కావలసింది ఏముంది! మన దగ్గర జయప్రకాశ్ నారాయణ్ పార్టీ రహిత ప్రజాస్వామ్యం గురించి ఏండ్ల తరబడి చెప్పారు (లోక్‌సత్తా జేపీ కాదు, బీహార్ జేపీ). 1977లో ఎమర్జెన్సీ సర్కారును దించాల్సిన గడియ వచ్చేసరికి నాలుగు పార్టీలను ఒక్కటి చేసి జనతా పార్టీని నిలబెట్టింది ఆయనే. అంత దూరం ఎందుకు, మన సర్పంచి ఎన్నికలు చూడండి. చట్టం ప్రకారం పార్టీ గుర్తులు ఉండవు. గుర్తు లేనంత మాత్రాన పైసలు ఆగాయా, కులం లెక్కలు ఆగాయా? ఏకగ్రీవం పేరు చెప్పి గుడి ముందట పదవిని వేలం వేసిన ఊర్లు ఎన్ని లేవు?

కాబట్టి పార్టీ ఉండాలి. బలం లేని వాడికి పార్టీయే బలం. అయితే ఆ పార్టీ ఎవరి సొత్తు అన్నదే అసలు లొల్లి.

మన రాజ్యాంగంలో మొదటి 35 ఏండ్లు రాజకీయ పార్టీ అన్న మాటే లేదు. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది, దానితో పాటే ఆ మాటా వచ్చింది. 1967లో హర్యానాలో గయా లాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు కండువా మార్చి 'ఆయారామ్ గయారామ్' అన్న మాటకు కారకుడయ్యాడు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టిన నెల రోజుల నాటకం మన కళ్ల ముందటిదే. ఫిరాయింపులకు కళ్లెం వేయాలన్నది సరైన ఆలోచనే. కాని ఆ కళ్లెం ఎవరి చేతికిచ్చారో చూడండి. ఓటరు చేతికి కాదు, కార్యకర్త చేతికి కాదు. విప్ రూపంలో నాయకుడి చేతికిచ్చారు. ముందుగా అనుమతి తీసుకోకుండా విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటేయకుండా కూర్చున్నా పదవి పోతుంది, పార్టీ పదిహేను రోజుల్లో మన్నిస్తే తప్ప. తన నియోజకవర్గానికి అన్యాయం జరుగుతోందని తెలిసినా ఎమ్మెల్యే చేయి ఎత్తాల్సిందే.

పోనీ, ఫిరాయింపులైనా ఆగాయా? ఒక్కడు పోతే తప్పు, మందగా పోతే విలీనం. చిల్లర బేరం నేరం, టోకు బేరం చట్టబద్ధం! మొదట మూడింట ఒక వంతు చీలితే చాలన్నారు. 2003లో 91వ సవరణ ఆ దారి మూసింది, మూడింట రెండు వంతుల విలీనం దారిని మాత్రం తెరిచే ఉంచింది. రాష్ట్రం వచ్చినాక మనం ఏం చూశాం? 2014లో టీడీపీ టికెట్ మీద గెలిచిన 15 మందిలో 12 మంది 2016లో టీఆర్ఎస్‌లో కలిశారు. 2019 జూన్‌లో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిలో 12 మంది అదే బాట పట్టారు. లెక్క చూడండి, తులం అటూ ఇటూ కాకుండా సరిగ్గా మూడింట రెండు వంతులు. పక్క రాష్ట్రంలో అదే కాలంలో వైఎస్సార్సీపీ నుంచి 23 మంది టీడీపీలో చేరారు, వారిలో కొందరు మంత్రులయ్యారు. 2023 తర్వాత చక్రం తిరిగింది. బీఆర్ఎస్ నుంచి గెలిచిన పది మంది మీద ఫిరాయింపు ఫిర్యాదులు స్పీకర్ దగ్గర నానితే, మూడు నెలల్లో తేల్చండని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. నిన్న చప్పట్లు కొట్టినోళ్లు ఇయ్యాల కోర్టు మెట్లెక్కారు, నిన్న ఏడ్చినోళ్లు ఇయ్యాల కండువాలు కప్పారు. 1971లో జరిగిన ద్రోహానికి అప్పుడు చట్టం అండ లేదు. ఇప్పుడు చట్టమే గొడుగు పడుతోంది.

దీనికి వేరు బీ-ఫారంలో ఉంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల లోపు రిటర్నింగ్ అధికారికి ఆ కాగితం చేరాలి. సిరాతో పెట్టిన సంతకమే చెల్లుతుంది. మండలంలో ఇరవై ఏండ్లు జెండా మోసినోడికి ఆ సంతకం మీద ఏ హక్కూ లేదు. రాత్రికి రాత్రి సూట్‌కేసుతో దిగినోడికి అది దొరికితే అడిగే దిక్కూ లేదు. సంతకం కొనుక్కుని గెలిచినోడు ఆ పార్టీలోనే ఎందుకు ఉండాలి? వాడి దృష్టిలో అది బస్సు టికెట్, దిగే స్టాప్ వస్తే దిగుతాడు. పైన కథా ఇదే. 1978 నుంచి 1983 దాకా ఐదేండ్లలో ఉమ్మడి రాష్ట్రానికి చెన్నారెడ్డి, అంజయ్య, భవనం, కోట్ల అని నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీ మార్చింది. ఆ అవమానం మీద 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలల్లో గద్దెనెక్కింది. పార్టీ చేసిన గాయానికి జనం పార్టీతోనే జవాబిచ్చారు. ఆ పార్టీ కూడా 1995 ఆగస్టులో ఒక హోటల్ క్యాంపులో చేతులు మారింది. సభ్యత్వ రసీదు ఉన్న లక్షల మందిలో ఎవరిని అడిగారు? 2022 అక్టోబరులో మన ఇంటి పార్టీ తన పేరులోంచి తెలంగాణను తీసేసినప్పుడైనా ఊర్లో జెండా గద్దె కట్టినోడి ఓటు అడిగారా?

లోపల ఎన్నికలు పెడితే పార్టీ ముక్కలవుతుందని పెద్దలు భయపెడతారు. జర్మనీ రాజ్యాంగం 21వ అధికరణం పార్టీ లోపలి నిర్మాణం ప్రజాస్వామ్య సూత్రాల ప్రకారమే ఉండాలని, పైసల లెక్క జనానికి చెప్పాలని ఆదేశిస్తుంది. నియోజకవర్గం అభ్యర్థిని అక్కడి సభ్యులో వారి ప్రతినిధులో రహస్య ఓటుతో ఎంచుకోవాలన్నది అక్కడి ఎన్నికల చట్టం. అక్కడ పార్టీలేమీ మాయమైపోలేదు. ఇక్కడ 1999లోనే లా కమిషన్ 170వ నివేదికలో అంతర్గత ప్రజాస్వామ్యాన్ని చట్టం చేయమంది. విప్ వేటును విశ్వాస పరీక్షల వరకే ఉంచమని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే అంది. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013లో తేల్చింది. పార్లమెంటులో ఒకరినొకరు తిట్టుకునే పార్టీలన్నీ ఆ ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ములయ్యాయి. ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఓటరుకు తెలియలేదు.

సింగరేణిలో 1998 నుంచి ఒక పద్ధతి ఉంది. తన తరఫున యాజమాన్యంతో ఏ సంఘం మాట్లాడాలో కార్మికుడు రహస్య ఓటుతో తేలుస్తాడు. 2023 డిసెంబరులోనూ తేల్చాడు. అదే కార్మికుడు పార్టీ సభ్యత్వం తీసుకుంటే, తన నియోజకవర్గం నుంచి ఎవరు నిలబడాలో చెప్పే పావలా హక్కు కూడా ఉండదు. మన ఉద్యోగ సంఘాలు, ఎన్నికలే లేని ఉస్మానియా విద్యార్థులు వచ్చే ఎన్నికల్లో ఓటడగొచ్చే ప్రతి పార్టీ ముందు పెట్టాల్సిన మొదటి ప్రశ్న ఇదే. మీ అభ్యర్థిని ఈ ఊరి సభ్యులు ఎన్నుకున్నారా? గెలిచినాక కండువా మారిస్తే, అది ఒక్కడైనా మందైనా, రాజీనామా చేసి మళ్లీ మా ముందుకొస్తాడని రాసిస్తారా? 2010 జులైలో రాజీనామాలు చేసి వచ్చినోళ్లను మనం తలమీద పెట్టుకున్నాం, పన్నెండు స్థానాల్లోనూ గెలిపించాం. ఆ పద్ధతి ఉద్యమానికి చెల్లినప్పుడు అధికారానికి ఎందుకు చెల్లదో వాళ్లనే చెప్పమందాం.