పెన్షనర్ల స్వర్గంలో జీతగాళ్లకు చోటెంత?

హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూముల ఇంటి అద్దెలోంచి కాకినాడలో అలాంటి ఇంటి అద్దె తీసేసి, తేడా అంతా జేబులో మిగిలినట్టేనని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. ట్రాఫిక్ లేదు, సముద్రం ఉంది, కోటయ్య కాజా ఉంది, ఇంకేం కావాలంటారు. కాజాతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ లెక్కతోనే.

కేంద్ర ప్రభుత్వోద్యోగి సంగతే చూడండి. 2024 జనవరి నుంచి ఇంటి అద్దె భత్యం హైదరాబాద్‌లో మూల వేతనంపై 30 శాతం, విజయవాడ, వరంగల్‌లలో 20, కాకినాడలో 10. మూల వేతనం 50,000 ఉన్నవాడికి బదిలీ కాగితంతో పాటే నెలకు 10,000 తెగిపోతుంది. అద్దెలో మిగలబోయేది సర్కారు ముందే లెక్కగట్టి పట్టుకుపోయిందన్నమాట. పెట్రోలు హైదరాబాద్‌లో కన్నా ఆంధ్రలోనే ఖరీదు. ఏడాదికి మించి ఉండేట్టయితే బండికి ఎన్‌వోసీ తెచ్చి, లైఫ్ ట్యాక్స్ కట్టి, ఏపీ నంబరు వేయించుకోవాలి. ఫోను బిల్లూ బ్యాంకు వాయిదాలూ ఊరు మారినంత మాత్రాన తగ్గవు.

కాకినాడకు పెన్షనర్ల ప్యారడైజ్ అన్న పేరు ఊరికే రాలేదు. చదునైన నేల, తిన్నని వీధులు, పెద్దాసుపత్రి, 1958 నుంచీ రంగరాయ మెడికల్ కాలేజీ. చిన్న ఊళ్లో వైద్యం దొరకదనే వాదన ఇక్కడ నిలవదు. అయితే ఆ పేరులోనే షరతు కూడా ఉంది. పెన్షను ఎక్కడున్నా ఒకటో తారీఖుకు వచ్చి పడుతుంది, ఊరితో దానికి పని లేదు. ముప్పై అయిదేళ్ల జీతగాడి రాబడి అలాంటిది కాదు. పోర్టులోనో, ఎరువుల ఫ్యాక్టరీలోనో, జేఎన్టీయూలోనో పనిచేసేవాడికి దిగులు లేదు. ఇంటి నుంచి పని అంటూ సాఫ్ట్‌వేర్ కొలువును మూటగట్టుకొచ్చినవాడు మాత్రం మేనేజరు నుంచి ఒక్క మెయిలు దూరంలో ఉన్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం పోతే ఇల్లు మారకుండానే కంపెనీ మారొచ్చు. ఇక్కడ పోతే ఊరే మారాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఈ చిక్కు రెండింతలు. ఆయనకు పని దొరికి ఆవిడకు దొరక్కపోతే, ‘కొన్నాళ్లు ఇంట్లో ఉండు’ అనే మాట ఎవరికి చెబుతారో మనకు తెలియనిది కాదు. ఆవిడ మానేసిన జీతం ఆ తీసివేతలో ఏ గడిలోనూ కనిపించదు.

అలాగని ‘అక్కడేముంది’ అని పెదవి విరిచేవాళ్ల పక్షాన చేరను. ట్రాఫిక్‌లో పోయే గంటలు మిగలడం నిజమైన లాభమే. పనీ ఇల్లూ రెండూ అదే ఊళ్లో ఉన్నప్పుడే ఆ లాభం. నెలకోసారి ఆఫీసుకు ముఖం చూపించాలంటే కాకినాడలో విమానాశ్రయం లేదు, రాజమండ్రి దగ్గర మధురపూడి పోవాలి. మెయిన్ లైను రైళ్లకు సామర్లకోట పోవాలి. లేదంటే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, సంక్రాంతి ముందు అందులో బెర్తు దొరికితే.

పిల్లల చదువు దగ్గర అందరూ ఫీజులు పోల్చి ఆగిపోతారు. అసలు మెలిక లోకల్ హోదా. మెడికల్ సీటుకు ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. నడిమధ్యలో రాష్ట్రం దాటితే తెలంగాణలో పోయి ఆంధ్రలో రాని ప్రమాదం ఉంది. పిల్ల ఎనిమిదిలో ఉంటే ఈ వేసవిలోనే తేల్చుకోండి. పదిలో ఉంటే ఇంటర్ పరీక్షలయ్యేదాకా సామాను కట్టొద్దు.