భల్లాలదేవుడి కండలు, నాన్నగారి కాళ్ళు

ఈ వారం టపాలో అన్నీ సినిమా కబుర్లే. ఏ హీరో ఎన్నిగంటలు జిమ్ చేస్తాడు, సిక్స్‌ప్యాక్ ఎన్ని నెలల్లో వస్తుంది... ఇవే! వాటి మధ్య ఉద్దానం నుంచి ఒక కుర్రాడి ఉత్తరం కనిపించింది. మిగతావన్నీ పక్కన పెట్టేశాను.

"మా నాన్నకి ఏడాదిగా డయాలసిస్. వారానికి మూడుసార్లు. జీడిపిక్కల బస్తా అవలీలగా భుజానికెత్తుకునే మనిషి ఇప్పుడు మంచం మీంచి లేవాలంటే అమ్మ చెయ్యి పట్టుకోవాలి. కాస్త నడిపిద్దామంటే, 'ఉన్న బలం కూడా పోతుంది, పడుకోనియ్యి' అంటుంది అమ్మ. నేనేమో జిమ్‌లో కండలు పెంచుతున్నా. సిగ్గేస్తోంది. నాన్నచేత వ్యాయామం చేయించవచ్చా?"

తమ్ముడూ, సస్పెన్స్ పెట్టను. చేయించవచ్చు. చేయించాలి కూడా. డాక్టరుగారిని అడిగి మరీ!

కిడ్నీ చెడితే కండ ఎందుకు కరుగుతుంది? కిడ్నీ పని మూత్రం తయారుచెయ్యడం ఒక్కటే కాదు. రక్తంలో ఆమ్లం పెరక్కుండా కాపలా కాస్తుంది. ఆ కాపలా పోతే ఆమ్లం పెరిగి కండలోని మాంసకృత్తుల్ని తినేస్తుంది. రక్తం పట్టడానికి కావలసిన హార్మోన్ కూడా కిడ్నీదే. అది తగ్గితే రక్తహీనత, ఆయాసం. ఆకలి చచ్చిపోతుంది. డయాలసిస్‌లో చెత్తతోపాటు కొన్ని అమైనో ఆమ్లాలూ కొట్టుకుపోతాయి. ఇంతమంది విలన్లు చాలనట్టు, ఆఖర్న మరో విలన్. వాడే మంచం! రోజుల తరబడి పడుకుంటే వస్తాదు కాళ్ళైనా సన్నబడతాయి. అమ్మ ప్రేమతోనే అంటోంది, కానీ లెక్క తిరగబడింది.

ఇక్కడో ట్విస్టుంది. రిపోర్టులో క్రియాటినిన్ తగ్గితే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. కాని ఆ క్రియాటినిన్ పుట్టేది కండల్లోనే. కండ కరిగిపోయినా ఆ అంకె తగ్గుతుంది! అందుకని కాగితం మీది అంకెతోపాటు మనిషి కాళ్ళనీ చూడాలి.

అదెలాగంటావా? గోడకి ఆనించిన కుర్చీలో నాన్నగారిని కూర్చోబెట్టు. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమను. నువ్వు పక్కనే ఉండి వాచీ చూడు. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే కండబలం తగ్గిందేమో చూడాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో చెప్పారు. ఇరవై పట్టినా బెంగపడకు. ఇటలీలో డయాలసిస్ రోగులచేత ఇంటి దగ్గరే, వాళ్ళ శక్తిని బట్టి నడక సాధన చేయించారు. ఆరునెలల తర్వాత చూస్తే, ఆరు నిమిషాల్లో సగటున 328 మీటర్లు నడిచినవాళ్ళు 367 మీటర్లు నడిచారు. కుర్చీ పరీక్ష కూడా ఇరవై సెకన్ల నుంచి పద్ధెనిమిదికి దిగింది. 2017లో అచ్చయిన ఫలితాలివి. జిమ్ లేదు, మిషన్లు లేవు. ఉత్త నడకే!

మొదట రోజుకి ఐదు, పది నిమిషాలు, ఇంటిముందే. నడుస్తూ నీతో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే ఆగిపోవాలి. మెల్లిమెల్లిగా పెంచుకుంటూ వెళ్ళండి. వారానికి 150 నిమిషాలు గమ్యం, అదీ గుండె ఒప్పుకుంటేనే. నడకతోపాటు కుర్చీలో కూర్చుని మోకాలు చాపడం, లేచి కూర్చోవడం. అలవాటయ్యాక కాలికి చిన్న ఇసుక సంచీ.

జాగ్రత్తలు కూడా రాసుకో. డయాలసిస్ తప్పిన రోజు, జ్వరం, ఒళ్ళువాపు, బి.పి. అదుపులో లేని రోజు వ్యాయామం వద్దు. గుండెనొప్పి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి. ఫిస్టులా ఉన్న చేతితో బరువులు ఎత్తనీయకు. ఇంకొకటి, మీ ఊళ్ళో మరీ ముఖ్యం. అలసిపోయాడు కదా అని కొబ్బరిబొండాం కొట్టివ్వకు! అందులో పొటాషియం ఎక్కువ. చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె మీదికొస్తుంది.

సినిమా పత్రికలో ఇదంతా ఏమిటంటారా? 'బాహుబలి'లో భల్లాలదేవుణ్ణి చూసి ఎంతమంది డంబెల్స్ కొనలేదు! ఆ రానాయే తన కిడ్నీలు దెబ్బతిన్నాయని 2020లో ఓ షోలో కంటతడితో చెప్పాడు. కిడ్నీ మార్పిడి జరిగిందని 2023లో బయటపెట్టాడు. కండలున్న ఒంట్లో కూడా కిడ్నీ జబ్బు ఉండవచ్చు. అది పైకి కనిపించదు.

కాబట్టి కండల వీరులారా, మీక్కూడా ఓ మాట. మొదటిరోజే ఒళ్ళు హూనమయ్యేలా బరువులెత్తితే కండ చితికి, దాని ముక్కలు కిడ్నీకి అడ్డం పడతాయి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే పరుగున ఆస్పత్రికి వెళ్ళండి. ఒళ్ళునొప్పులకి రోజూ నొప్పిబిళ్ళలు మింగకండి. ఉద్దానం కుర్రాళ్ళయితే మరీ జాగ్రత్త. అక్కడ షుగరూ బి.పి. లేనివాళ్ళకీ ఈ జబ్బు వస్తోంది. ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోండి. పలాసలో 2023 నుంచి కిడ్నీ ఆస్పత్రి ఉంది కదా!

తమ్ముడూ, వ్యాయామం కిడ్నీని తిరిగి తెచ్చివ్వదు. డయాలసిస్ మానిపించదు. అబద్ధం చెప్పను. కాని అమ్మ చెయ్యి పట్టుకోకుండా మంచం దిగడం మాత్రం చిన్న విజయమా?

ఇవాళ కుర్చీ పరీక్షలో ఎన్ని సెకన్లు పట్టిందో గోడ మీద రాసిపెట్టు. మూడు నెలల తర్వాత ఇంకోసారి లెక్కపెట్టి నాకు ఉత్తరం రాయి. అమ్మ ఏమందో కూడా రాయి!