ఊరు నగరంలో కలిసిపోయాక మన మాట ఎవరు వింటారు?

జపాన్ ఈశాన్య తీరాన ఒగాత్సు అని ఓ చిన్న పట్టణం ఉండేది. పలకరాయికి పెట్టింది పేరు. జపాన్‌లో సిరా నూరుకునే రాళ్లలో చాలా భాగం అక్కడివే. 2005 ఏప్రిల్ 1న ఆ పట్టణాన్ని, మరో ఐదింటితో పాటు, పక్కనున్న ఇషినోమాకి నగరంలో కలిపేశారు.

అప్పట్లో దేశమంతా ఇదే వరస. 1999లో 3,232 ఉన్న స్థానిక సంస్థలు 2010 నాటికి 1,727 అయ్యాయి. పల్లెల్లో జనం తగ్గారు, ముసలివాళ్లు పెరిగారు, ఖజానాలు ఖాళీ. కలిస్తే ప్రత్యేక రుణాలకు వీలు కల్పిస్తామంది కేంద్రం. లెక్కల్లో చూస్తే సబబుగానే ఉంది.

2011 మార్చి 11న సునామీ వచ్చింది. ఒగాత్సు నడిబొడ్డు తుడిచిపెట్టుకుపోయింది. అప్పటికి ఊరికి సొంత మేయర్ లేడు. ఇషినోమాకి నగరమే వేలమందిని పోగొట్టుకుని కుదేలైంది. లక్షన్నరకు పైగా జనమున్న ఆ నగరంలో ఒగాత్సు వాళ్లు నాలుగు వేల చిల్లర. పాత ఊరున్న చోట ఇళ్లు కట్టకూడదన్నారు, కొండ మీదికి వెళ్లమన్నారు. చాలామంది ఊరే విడిచిపోయారు. ఇప్పుడక్కడ సముద్రానికి అడ్డంగా దాదాపు 10 మీటర్ల గోడ ఉంది.

పక్కనే ఒనగావా పట్టణం. అది విలీనం కాలేదు. సునామీ దాన్నీ ఊడ్చేసింది. కానీ సొంత మేయర్, సొంత కౌన్సిల్ ఉన్నాయి. పెద్ద గోడ వద్దనుకుని నేలనే ఎత్తు చేశారు. 2015 మార్చిలో కొత్త రైల్వే స్టేషన్ తెరిచి, దాని ముందే దుకాణాల వీధి కట్టుకున్నారు.

సైన్స్ చదివినదాన్ని కాబట్టి ఒక్క పోలికతో తీర్పు చెప్పను. ఒనగావాకు అణు విద్యుత్ కేంద్రం ఆదాయం ఉంది. విడిగా నిలబడగలిగిందీ అందుకే. జనాభా అక్కడా బాగా తగ్గింది. అయినా ఒక తేడా మాత్రం కాదనలేం. ఒనగావా భవిష్యత్తును ఒనగావాలోనే తేల్చుకున్నారు, ఒగాత్సుది ఇషినోమాకిలో తేల్చారు.

2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసిన సంగతి మనకు తెలుసు. అలాంటి విలీనం మాట వస్తే ఇక్కడున్న మనం కూడా ముందు స్థలాల ధర ఎంత పెరుగుతుందనే అడుగుతాం. అక్కడే ఉంటున్న మన అమ్మానాన్నల వీధిలోకి వరద నీళ్లొస్తే ఎవరి తలుపు తట్టాలో, ఆ తలుపు ఎంత దూరంలో ఉందో కూడా అడగాలి. కలపకముందే అడగాలి.