పాత ఇండ్లు, కొత్త హోటళ్లు

పుదుచ్చేరిలో సముద్రపు వీథికి చేరువనున్న మన సభ్యుల పాత ఇండ్లలో మరియొకటి బేరమునకు వచ్చినది. వారసులు అయిదుగురు. వారిలో ముగ్గురు ఊరు విడిచి ఏండ్లైనది. కొనవచ్చినవారు ఇద్దరు. ఒకరు ఇల్లు పడగొట్టి అంతస్తుల లాడ్జి కట్టుదుమనుచున్నారు. రెండవవారు ఇంటిని ఉన్నదున్నట్లుంచి పది గదుల చిన్న హోటలు చేయుదుమనుచున్నారు. మొదటివారు చెప్పిన ధర హెచ్చు. ఆ కుటుంబమువారు మా సలహా యడిగిరి. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు గనుక, వారి సమ్మతితో పేరు చెప్పక, మా అభిప్రాయమును ఇచ్చటనే వ్రాయుచున్నాము.

ఇట్టి చిన్న హోటళ్లకు బుటీక్ హోటళ్లని పేరు వచ్చినది. పేరు కొత్తదైనను సంగతి తేలిక. గదులు తక్కువ, అద్దె హెచ్చు, ఏ రెండు గదులును ఒక్క తీరున నుండవు. రొమాఁ రొలాఁ వీథిలో ఫ్రెంచివారి కాలమున విద్యాశాఖ కచేరీగా నున్న పాత మేడను నీమ్రానా సంస్థవారు బాగు చేయించి హోటల్ ద లోరియాఁ అను పేర తెరచిరి. కాలువకు పడమట, పెరుమాళ్ కోవెల వీథిలో, ఒక తమిళ కుటుంబపు పాత ఇల్లు మెజోఁ పెరుమాళ్ అను హోటలైనది. మండువా, టేకు స్తంభములు, వీథి అరుగు ఎక్కడివక్కడనే యుండగా, చుట్టునున్న గదులలో యాత్రికులు దిగుచున్నారు.

వర్తకులము గనుక ముందు లెక్క చూతము. లాడ్జి గది ఎక్కడనైనను లాడ్జి గదియే. ప్రక్క వీథిలో ఇంకొకరు పది రూపాయలు తగ్గించినచో మన గది ఖాళీ. దానికి లిఫ్టు, జనరేటరు, బండ్లు నిలుపు చోటు కావలెను. పుదుచ్చేరి పాత వీథులలో ఆ చోటెక్కడిది? పాత ఇంటి సంగతి వేరు. దూరదేశమునుండి వచ్చినవాడు మంచమునకు గాదు, మండువాలో పడు ఎండకును వానకును సొమ్మిచ్చుచున్నాడు. ఆ సరకును పోటీదారు తయారు చేయజాలడు. నూరేండ్ల గోడను ఒక్క దినమున పడగొట్టవచ్చునుగాని, కట్టవలెనన్న నూరేండ్లు కావలెను. పడగొట్టినవాడు తన దుకాణములో ప్రియమైన సరకును తానే తగులబెట్టుకొన్నవాడగును. ఇంటిని సోమరిగా మూసియుంచుటయు నష్టమే, ఎలుకలకు తప్ప.

అయితే పాత ఇంటిని బాగుచేయుట తెలిసినవారి పని. ఈ ఇండ్లు సున్నపు గారతో కట్టినవి. మిద్దెలో టేకు దూలములపై చిన్న ఇటుకలను నిలువుగా పేర్చి సున్నము వేసినారు. సున్నపు గోడ తాను పీల్చిన తేమను తిరిగి విడుచును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి ఇటుకను తినివేయును. ఉప్పుగాలి ఇనుప కడ్డీలను తుప్పు పట్టించును. అందుచేత తక్కువ ఖర్చని చేసిన మరమ్మతే కొన్ని ఇండ్లకు మృత్యువైనది. మరమ్మతు వాయిదా వేసినను అంతే. సముద్రపు వీథిలోని మేరీ భవనము, ఫ్రెంచివారి నాటి పురపాలక భవనము, 2014 నవంబరు వానలలో కూలిపోయినది. పాత రూపముననే దానిని మరల కట్టి 2021లో తెరచిరి. ప్రభుత్వము గనుక కట్టగలిగినది. మన కుటుంబములలో ఒకరి ఇల్లు కూలినచో అట్లు కట్టించువారెవరు?

చక్కగా జరిగిన పనియు ఒకటి యున్నది. వైశ్యాళ్ వీథిలో, ఐరోపా సమాఖ్య సహాయముతోను ఇంటాక్ సంస్థ పూనికతోను, ఇండ్ల ముఖములను వరుసగా బాగుచేసిరి. 2008లో యునెస్కోవారు ఆ పనికి ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారమిచ్చిరి. ఒక్క ఇంటిని కాపాడిన ఇల్లు నిలుచును, వీథిని కాపాడిన ఊరు నిలుచును అని అచ్చటి పాతకాపులే అనుచుందురు.

ఇక మా ఫిర్యాదు. హోటలైన పాత ఇంటిలో గోడ నిలిచినది, కథ మాత్రము పోయినది. ఒక హోటలువారు అతిథులకిచ్చు కాగితమున ఆ ఇంటిని ఫ్రెంచి దొరల నివాసమని వ్రాసిరి. అది మన వారొకరి తాత బట్టల వ్యాపారము చేసి కట్టించిన ఇల్లు. కొంచెము దొరతనము పూసిన అద్దె పెరుగునని కాబోలు! ఈ ఊరిలో దొరలతో సరిసమానముగా మేడ కట్టిన వర్తకులు లేకపోలేదు. డూప్లేకు దుబాసీగా నుండిన ఆనందరంగ పిళ్లె మేడ నేటికిని ఉన్నది. క్రింద మన దేశపు చెక్క స్తంభములు, పైన ఐరోపా పద్ధతి కంబములు. ఆయన దినచర్యను తమిళమున వ్రాసెను. తెలుగు కవియైన కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమును ఆయనకంకితమిచ్చి ఆనందరంగరాట్ఛందమని పేరు పెట్టెను. ఇట్టి ఊరిలో తెలుగువారి ఇంటికి తెలుగు కథ లేదనుట ఎట్లు?

కావున అడిగినవారికి మా సలహా యిది. అమ్మవలదు, లీజుకిండు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయవలెనని చట్టము, నోటిమాటపై పోవలదు. గోడలకు, మిద్దెకు సున్నమే వాడవలెననియు, స్తంభములు, తలుపులు, అరుగు కదల్చరాదనియు, గడువు తీరిన పిమ్మట ఇల్లు యథాస్థితిలో తిరిగి రావలెననియు పత్రమున వ్రాయించుడు. కట్టించినవారి పేరును, సంవత్సరమును తెలుగులో గూడ ఒక రాతిపై చెక్కించి వీథి వాకిట నుంచవలెనని షరతు పెట్టుడు. సంవత్సరమునకొక దినము కుటుంబపు పూజకు మండువాను ఉచితముగా విడువవలెనని యడిగిన హోటలువారు కాదనరు. అతిథులకు అదియు ఒక వేడుకే. ఆ ఇంటి పిల్లలలో ఒకరికి అక్కడ పని నేర్పవలెనని యడుగుటలోను సిగ్గులేదు. ధరలో తేడా వచ్చునని అయిదుగురు వారసులలో ఇద్దరైనను గొణుగుదురు. వారిని కూర్చుండబెట్టి, ఒకసారి వచ్చు సొమ్మునకును, నెలనెల వచ్చు సొమ్మునకును గల భేదమును కాగితముపై చూపుడు.

మనతో ఒకే పరిపాలన క్రిందనున్న యానామునందును గోదావరి యొడ్డు ఊరికి ముఖము. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, తెలుగే అధికారభాషగా, ఆ ఊరును యాత్రికులను పిలుచుచున్నది. అచ్చట మిగిలిన పాత లోగిళ్లు తక్కువ గనుక పడగొట్టుటకు ముందు అచ్చటి సోదరులు మరింత ఆలోచింపవలెను. పుదుచ్చేరిలోను యానాములోను పాత ఇండ్లు గలవారు దస్తావేజుల నకళ్లను, కట్టించినవారి వివరములను మా కార్యాలయమునకు అందజేసినచో ఒక పట్టీ తయారు చేయుదుము. సున్నపు పని తెలిసిన మేస్త్రీలెవరైనను మీ ఎరుకలోనున్న వారి ఊరును గూడ తెలుపగోరుచున్నాము.