తోడేలుకు చట్టం ఉన్నది, కాపరికి భరోసా ఏది?

2024 ఫిబ్రవరిలో గోదావరి ఆవలి ఒడ్డున, జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం మండల అడవిలో గాలింపునకు వెళ్లిన ఒక గ్రేహౌండ్స్ కమాండో, వన్యమృగాల కోసం వేటగాళ్లు అమర్చిన కరెంటు తీగ తగిలి ప్రాణాలు కోల్పోయిన సంగతి పాఠకులకు విదితమే. అంతకు ఒక నెల ముందు, జనవరిలో, కాగజ్‌నగర్ అటవీ డివిజన్‌లోని దరిగాం ప్రాంతంలో రెండు పులుల కళేబరాలు లభించాయి. విషప్రయోగమే కారణమని అధికారులు తెలిపారు. ఈ రెండు సంఘటనలూ పత్రికల మొదటి పుటల్లోకి వచ్చాయి. ఒకదానిలో మనిషి పోయాడు, మరొకదానిలో పులి పోయింది కనుక. అదే తీగకు, అదే విషానికి తోడేలు బలియైతే ఏ పత్రికా వ్రాయదు, ఏ మంత్రీ వివరణ కోరడు, చాలా సందర్భాలలో పంచనామా సైతం జరగదు.

ఇక్కడ ఒక లెక్క చూడవలసి ఉన్నది. 2022 గణన ప్రకారం దేశంలోని పులుల సగటు సంఖ్య 3,682. అదే సంవత్సరం ప్రచురితమైన ఒక శాస్త్రీయ అధ్యయనంలో భారతదేశపు తోడేళ్ల సంఖ్య సుమారు 3,170గా అంచనా వేయబడింది. అంటే ఊరి పొలిమేరల్లో తిరిగే మామూలు జంతువుగా మనం తలచే తోడేలు, జాతీయ జంతువైన పులి కంటే ఎక్కువ సంఖ్యలో లేదు. పులి కోసం ప్రత్యేక పథకం, ప్రత్యేక ప్రాధికార సంస్థ, యాభైకి పైగా రక్షిత వనాలు ఉన్నాయి. తోడేలు పేరిట ఝార్ఖండ్‌లోని మహువాడాండ్‌లో 1976లో ఒక చిన్న అభయారణ్యం ఏర్పడింది. దాని విస్తీర్ణం 63 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఆ తరువాత దశాబ్దాల పాటు దేశంలో మరొకటి లేదు. భారత తోడేలు ప్రపంచంలోని తోడేళ్లలో అతి ప్రాచీన శాఖలలో ఒకటని 2021లో జన్యు పరిశోధకులు తేల్చారు. 2025లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని విడిగా పరిశీలించి, అపాయంలో ఉన్న జంతువుల పట్టికలో చేర్చింది.

పేరులోనే పొరపాటు

సిరోంచ, అసరెల్లి, బామని, ఝింగానూరు ప్రాంతాల ప్రజల నోట తోడేలు, నక్క, రేచుకుక్క, దుమ్ములగొండి అన్న పేర్లు తరచు ఒకదాని స్థానంలో మరొకటి వచ్చిపడుతుంటాయి. దట్టమైన టేకు అడవి నిజానికి తోడేలుకు సొంత ఇల్లు కాదు. అక్కడ గుంపులుగా తిరుగుతూ దుప్పులను తరిమేది ఎర్రని ఒళ్లు, కుచ్చుతోక గల రేచుకుక్క. తోడేలు కోరుకునేది అడవి అంచు, పొదల నేల, పడావు, ఏటి ఒడ్డు మైదానం. దాని రంగు బూడిద, గోధుమ కలిసిన మట్టిరంగు. కాళ్లు పొడవు. బరువు ఇరవై కిలోలకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది, అంటే మన ఊరకుక్కలలో పెద్దదానికి మించదు.

ఈ భేదం కేవలం పాఠ్యపుస్తకాల్లో ఉండవలసిన విషయం కాదు. సరిహద్దు జిల్లాలో దీనికి డబ్బుతో సంబంధం ఉన్నది. అటవీశాఖ కాగితాలు మరాఠీలో ఉంటాయి. ఆ కాగితాలలో తోడేలు ‘లాండ్‌గా’, నక్క ‘కోల్హా’, దుమ్ములగొండి ‘తరస్’, రేచుకుక్క ‘రాన్‌కుత్రా’. తెలుగు తప్ప మరొక భాష రాని గొల్ల, కురుమ కాపరి ‘నక్కలు పడ్డాయి’ అని చెబితే, దానిని వ్రాసుకునే ఉద్యోగి ‘కోల్హా’ అని వ్రాస్తాడు. ‘కుక్కలు పట్టాయి’ అంటే ‘కుత్రా’ అని వ్రాస్తాడు. ఊరకుక్క చంపిన మేకకు వన్యప్రాణి పరిహారం రాదు కదా! రేచుకుక్క ఊరకుక్కగా మారిపోయిన ఆ ఒక్క మాటతో కాపరి హక్కు కాగితం మీదనే సమసిపోతుంది. ఇందుకు విరుద్ధంగా, ఊరకుక్కల గుంపు చేసిన నష్టం తోడేలు ఖాతాలో పడడం కూడా అంతే సహజం. కుక్కలు మందలో పడితే ఒకదాన్ని పట్టుకొని పోవు. అనేక గొర్రెలను తొడల దగ్గర, పిరుదుల దగ్గర కొరికి గాయపరచి వదులుతాయి. తోడేలు తన తిండికి వచ్చినదే కనుక సాధారణంగా గొంతు పట్టి, వీలైతే ఈడ్చుకొని పోతుంది. గాయాల తీరును చూసి చెప్పగల పశువైద్యుడు సమయానికి వస్తే సగం వివాదం అక్కడికక్కడే తీరుతుంది.

బహుమానం నుండి శిక్ష వరకు

తోడేలును చంపడం నేరమన్న భావన ఈ నేలపై చాలా కొత్తది. చంపినవానికి బహుమానం ఇచ్చిన కాలమే దానికి ముందున్నది. నిజాం నుండి 1860లో ఆంగ్లేయుల అధీనంలోకి వచ్చిన సిరోంచ, 1874 వరకు ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండి, తరువాత చాందా జిల్లాలో కలిసింది. ఆనాటి ప్రభుత్వం పులి, చిరుత, తోడేలు మొదలైన వాటిని ‘హానికర మృగాలు’గా ఎంచి, తోలు తెచ్చి చూపినవారికి రొక్కం చెల్లించే పద్ధతిని దేశమంతటా నడిపింది. 1875 నుండి 1925 వరకు గల యాభై ఏళ్లలో దేశంలో 80 వేలకు పైగా పులులు, లక్షా 50 వేలకు పైగా చిరుతలు, సుమారు 2 లక్షల తోడేళ్లు హతమైనట్లు చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ ప్రభుత్వ రికార్డుల ఆధారంగా లెక్కగట్టారు. ఈ మూడింటిలో తోడేలు సంఖ్యే అధికమన్నది గమనార్హం. తాత ఏ పనికి సర్కారు వద్ద రూపాయలు పుచ్చుకున్నాడో, అదే పనికి మనుమడు జైలుకు పోవలసి వస్తున్నది. ఈ మార్పును గ్రామాలకు ఎవరూ సరిగా వివరించలేదు.

నేటి చట్టం మాత్రం స్పష్టంగానే ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన స్థానంలో ఉన్నది. తొమ్మిదవ సెక్షన్ వేటను నిషేధిస్తున్నది. ‘వేట’ అంటే తుపాకితో కాల్చడమే అని చాలామంది తలుస్తారు. చట్టం దృష్టిలో విషం పెట్టడం, ఉచ్చు బిగించడం, వల పన్నడం, ఎర వేయడం, తరమడం, గాయపరచడం, ఇవన్నీ వేటయే. వీటిలో కొన్నింటికి ప్రయత్నించడం కూడా అంతే. శిక్ష మూడు నుండి ఏడేళ్ల జైలు. 2022 సవరణ తరువాత జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అయితే ప్రాణరక్షణ కోసం సద్బుద్ధితో చంపినవానికి పదకొండవ సెక్షన్ రక్షణ ఇస్తున్నది. ఈ మాట కూడా ప్రజలకు తెలియాలి. తెలియనందువల్లనే ప్రమాదం జరిగినచోట సైతం కళేబరాన్ని గుట్టుగా పూడ్చివేసి, లేని నేరాన్ని నెత్తికెత్తుకొనే పరిస్థితి దాపురిస్తున్నది.

చట్టం ఇంత కఠినంగా ఉండగా తోడేళ్లు ఎట్లా తగ్గుతున్నాయి? తుపాకి పట్టిన వేటగాడు ఇందులో చిన్న భాగమే. పందుల బెడదకు పొలం చుట్టూ కట్టిన తీగ ఒకటి. చచ్చిన మేకపై చల్లిన పురుగుమందు మరొకటి. ఈ రెండవది ఒక్క తోడేలుతో ఆగదు. ఆ కళేబరంపై వాలిన రాబందులు, తిన్న ఊరకుక్కలు, నక్కలు అన్నీ వరుసగా పోతాయి. రాబందులను కాపాడుకోవడానికి ఏళ్ల తరబడి ప్రయత్నాలు సాగుతున్న గడ్చిరోలి జిల్లాలో ఇది మరింత శోచనీయం. మూడవది అన్నిటికంటె క్రూరమైనది: బొరియకు పొగపెట్టి పిల్లలను చంపడం. దక్కన్ పీఠభూమిలోని కాపరుల ప్రాంతాలలో పరిశోధకులు దీనిని పలుమార్లు నమోదు చేశారు. తోడేలు చలికాలంలో ఈని, నాలుగైదు పిల్లలను బొరియలో పెడుతుంది. పెద్ద తోడేలును పట్టడం కష్టం. పిల్లలు కదలలేవు. ఒక్క పూట పొగతో ఒక గుంపు ఏడాది సంతానం తుడిచిపెట్టుకుపోతుంది.

కాపరి పక్షం

ఇంతవరకు చెప్పినదాని వల్ల కాపరే దోషి అన్న అభిప్రాయం కలిగితే అది అన్యాయం. నగరాలలో కూర్చుండి తోడేలు పక్షాన మాట్లాడేవారి మేక ఒక్కటీ పోదు. గొర్ల మందను పొలాలలో పెట్టి, ఎరువుకు బదులు గింజలో, డబ్బో తీసుకొనే కురుమ కుటుంబానికి ఒక ఈనిన గొర్రె పోవడమంటే ఆ ఏటి లెక్క తారుమారు కావడమే. మహారాష్ట్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో చేసిన నిర్ణయం ప్రకారం వన్యప్రాణి చంపిన గొర్రెకు, మేకకు మార్కెట్టు ధరలో 75 శాతం లేదా 15 వేల రూపాయలు, ఏది తక్కువైతే అది లభిస్తుంది. ఆ వన్యప్రాణుల జాబితాలో తోడేలు ఉన్నది. కాని 48 గంటలలోపు సమీప అటవీ అధికారికి తెలియజేయాలి, కళేబరాన్ని కదల్చరాదు, పంచనామా జరగాలి. ఝింగానూరు వైపు గుట్టల్లో మంద దింపుకున్నవాడు మందను ఎవరికి అప్పగించి రేంజి కార్యాలయానికి నడవాలి? అతడు తిరిగి వచ్చేసరికి మరో రెండు పోవని ఎవరు హామీ ఇస్తారు?

పైగా పరిహారమన్న మాటపైనే ఈ తాలూకా ప్రజలకు నమ్మకం సడలింది. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ వెనుక నీటివల్ల సిరోంచ వైపు పొలాలు మునిగి, నష్టపరిహారం కోసం రైతులు ఎంతకాలం దీక్షలు చేయవలసి వచ్చిందో అందరూ చూశారు. వేల కోట్ల ప్రాజెక్టు కింద పోయిన భూమికే అంత తిరుగుడు ఉండగా, ఒక మేక కోసం ఎవరు తిరుగుతారు? అయిదు వందల రూపాయల పురుగుమందు సీసా దగ్గరి దారిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. తోడేలును కాపాడదలచిన ప్రభుత్వం మొదట కాపాడుకోవలసింది తన మాటను.

భయం ఒక విషయం, వాస్తవం మరొకటి. 2024 జూలై, సెప్టెంబరు మధ్య ఉత్తరప్రదేశ్‌లోని బహరాయిచ్ జిల్లాలో తోడేళ్ల దాడులలో పలువురు మరణించారు. వారిలో అధికులు పసిపిల్లలు. అటవీశాఖ ఆరు తోడేళ్ల గుంపును గుర్తించి అయిదింటిని పట్టుకున్నది. ఆరవదానిని అక్టోబరులో గ్రామస్థులే చంపారు. ఆ విషాదాన్ని తక్కువ చేసి మాట్లాడడం తగదు. తలుపులు లేని గుడిసెలలో, ఆరుబయట నిద్రించే పేదల పిల్లలే అక్కడ బలియైనారు. అయితే ఆ దృశ్యాలు, వాటితోపాటు ఎక్కడివో తెలియని పాత వీడియోలు సెల్‌ఫోన్లలో దేశమంతటా తిరిగి, తోడేలు అంటే పిల్లల దొంగ అన్న ముద్ర వేశాయి. గడ్చిరోలి జిల్లాలో మనుషుల ప్రాణాలు తీసిన పులులు ఉన్నాయి. ఇటీవలి సంవత్సరాలలో ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన ఏనుగులు ఉన్నాయి. ఆ నిజమైన భయాల నీడలో తోడేలు అనవసరంగా చేరిపోతున్నది.

నదికి రెండు గట్లు

సిరోంచ ప్రత్యేకత దాని సరిహద్దులలో ఉన్నది. ప్రాణహితకు అటు మంచిర్యాల జిల్లాలో 1980లో ఏర్పడిన ప్రాణహిత అభయారణ్యం కృష్ణజింకలకు ప్రసిద్ధి. కృష్ణజింక తిరిగే మైదానమే తోడేలు కోరుకునే మైదానం కూడా. గోదావరికి అటు భూపాలపల్లి, ఇంద్రావతికి అటు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్. ఎండకాలంలో నదులు ఇసుక మేటలుగా మారినప్పుడు మృగానికి అడ్డు ఏమున్నది? వంతెనలు వచ్చాక మోటారు సైకిలుపై వెళ్లే వేటగాడికీ అడ్డు లేదు. అడ్డు ఉన్నది అటవీ సిబ్బందికే. మూడు రాష్ట్రాలు, మూడు శాఖలు, మూడు కార్యాలయ భాషలు. ఒక గట్టున ఉచ్చు వేసి మరొక గట్టున మాంసం అమ్మినవానిపై కేసు ఏ రేంజిలో నడవాలన్న చర్చ ముగిసేసరికి సాక్ష్యం మిగలదు. చట్టం కేంద్రానిదే కనుక సమస్య చట్టంలో లేదు. ఇరుగుపొరుగు రేంజి అధికారులు నెలకొకసారి కలిసి కూర్చునే ఏర్పాటు చాలు.

గ్రామసభల పాత్రను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలోని అయిదవ సెక్షన్, అడవితో పాటు వన్యప్రాణులను రక్షించే అధికారాన్ని గ్రామసభకు కట్టబెట్టింది. 2009లో సామూహిక అటవీ హక్కు పొందిన మెంఢా-లేఖా గ్రామం ఈ జిల్లాలోనిదే. వెదురుపై, తునికాకుపై గ్రామసభలు తీర్మానాలు చేసి అమలుచేయగలుగుతున్నాయి. తమ హద్దులలో కరెంటు తీగ కట్టరాదని, కళేబరానికి మందు కలపరాదని, చలికాలంలో బొరియల జోలికి పోరాదని అదే పుస్తకంలో తీర్మానం వ్రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. బయటినుండి వచ్చిన గార్డు మాటకంటె గ్రామసభ పెద్ద మాట ఆ ఊళ్లో బరువైనది.

నేల సంగతి మిగిలింది. దట్టమైన అడవిని అడవి అంటాము. పొదల నేలను, గడ్డి మైదానాన్ని ‘బంజరు’ అని వ్రాస్తాము. బంజరు అన్న ముద్ర పడిన నేల రేపు ప్లాంటేషన్ కావచ్చు, ఎల్లుండి గని రోడ్డు కావచ్చు. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు (నేటి నంద్యాల జిల్లా) అనుభవం చూడదగినది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ గడ్డి మైదానాన్ని అభయారణ్యంగా ప్రకటిస్తే, కృష్ణజింకలతో పాటు తోడేళ్లకూ ఆశ్రయం దొరికింది. చుట్టుపక్కల భూముల తీరు మారి బట్టమేక కనుమరుగైంది.

సిరోంచ అటవీ డివిజన్‌లో అడవి ఎనుముల కోసం కొలమార్కను, ఏనుగుల కోసం కమలాపూర్ శిబిరాన్ని ప్రభుత్వం నడుపుతున్నది. తోడేలుకు అంత ఏర్పాటు అవసరం లేదు. రాత్రిపూట మంద చుట్టూ వేయడానికి ఇనుప జాలీ, సమయానికి వచ్చే పశువైద్యుడు, నెల తిరగకుండా బ్యాంకు ఖాతాలో పడే పరిహారం, జంతువుల బొమ్మలతో, తెలుగు, మరాఠీ, గోండీ పేర్లతో అచ్చువేసిన ఒక దరఖాస్తు ఫారం కావాలి. ఈ చివరిదానికి ముంబయి అనుమతి వచ్చేవరకు ఆగనక్కర లేదు. సిరోంచ, అహేరి పాఠశాలల్లో రెండు భాషలూ వచ్చిన పిల్లలు ప్రతి తరగతిలో ఉన్నారు. రేంజి కార్యాలయం అడిగితే ఆ పేర్ల పట్టిక ఒక మధ్యాహ్నంలో తయారవుతుంది.